కాయితం వయసు వేరు.. ఒంటి వయసు వేరు

మన పల్లెల్ల యాభై దాటినోళ్ల ఆధార్ కార్డులు ఓ పది ముందటేసుకొని చూడుండ్రి. కొన్నిటి మీదనన్న పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటది. వాళ్లంత కొత్త సంవత్సరం నాడు పుట్టినోళ్లేం కాదు. బడిల ఏసేటప్పుడు సారు అంచనగ రాసిందో, కార్డు చేసేటాయన మొఖం చూసి కొట్టిందో ఆ తేదీ. పింఛన్ రావాలన్నా, బీమా కట్టాలన్నా, రిటైర్ కావాలన్నా అదే లెక్క. మరి మన ఒళ్లు ఆ తేదీని లెక్క చేస్తదా?

చెయ్యదు. ఎండల రాళ్లు కొట్టి బతికినాయనకు యాభై ఏండ్లు, నీడ పట్టున కుర్సీల కూసోని పనిచేసినాయనకు యాభై ఏండ్లు. కాయితం మీద ఇద్దరూ ఒక్క ఈడోళ్లే. మెట్లెక్కమంటే తెలుస్తది ఎవరి వయసెంతో. సర్కారుకు గూడ ఈ ముచ్చట తెల్వనిదేం కాదు. తెలంగాణల ముసలోళ్ల పింఛన్‌కు 57 ఏండ్లు నిండాలె. చేనేత కార్మికులకు, గీత కార్మికులకు మాత్రం 50 నిండితే చాలు. మగ్గం గుంతల కూసున్నోళ్లు, తాటిచెట్టు ఎక్కినోళ్లు జల్ది ముసలోళ్లయితరని ఏ ల్యాబ్ రిపోర్టు లేకుండనే ఒప్పుకున్నట్టు కదా ఇది!

ఈ తేడానే ఇప్పుడు సైంటిస్టులు నంబర్ల పెడుతున్నరు. పుట్టి ఎన్నేండ్లయిందన్నది కాకుండ, ఒళ్లు ఎంత అరిగిందన్నది చెప్పేదాన్ని బయలాజికల్ ఏజ్ అంటున్నరు. దాన్ని లెక్కగట్టేందుకు నెత్తుర్ల, డీఎన్ఏల, కండల్ల దొరికే ఆనవాళ్లను బయోమార్కర్లు అంటరు. సైన్స్ ఇంక నడుస్తనే ఉన్నది, అంతలనే యాపారం గూడ మొదలైంది. ఓ చుక్క నెత్తురో, ఇంత ఉమ్మో ఇస్తే మీ అసలు వయసు చెప్తమని వేల రూపాయలు తీస్కుంటున్న కంపెనీలున్నయ్. అండ్ల పనికొచ్చేదెంత, ఉత్త ముచ్చటెంత అన్నది చూద్దాం.

ముప్పై ఎనిమిదేండ్లకే అరవై ఒకటి

న్యూజిలాండ్‌ల డునెడిన్ అని ఓ ఊరు ఉన్నది. అక్కడ 1972, 73ల పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాక ఇడిసిపెట్టకుండ చూసుకుంట వస్తున్నరు. కొన్నేండ్లకోసారి పిలిచి పండ్ల నుంచి గుండె దాక అన్నీ పరీక్ష చేస్తరు. వాళ్లకు 38 ఏండ్లు వచ్చినప్పుడు 954 మంది రిపోర్టులు తీసి, ఒక్కొక్కరి ఒంటి వయసు ఎంత ఉన్నదో లెక్కగట్టిన్రు. 2015ల అచ్చయిన ఆ లెక్క చూసి లోకం నోరెల్లబెట్టింది. అందరూ 38 ఏండ్లోళ్లే, కానీ ఒంటి వయసు మాత్రం ఒకరికి 28, ఇంకొకరికి 61. ఎక్కువ మంది నలభైకి అటో ఇటో ఉన్నరనుకోండ్రి, అయినా ఆ రెండు అంచుల నడుమ ఓ తరం తేడా ఉన్నది.

వాళ్లు చూసింది పెద్ద మాయేం కాదు. కిడ్నీలు, కాలేయం, ఊపిరితిత్తులు, పండ్ల చిగుళ్లు, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ, నడుం కొలత.. ఇసువంటివి పద్దెనిమిది. 26 ఏండ్లప్పుడు, 32 ఏండ్లప్పుడు, 38 ఏండ్లప్పుడు తీసిన కొలతలు పక్కపక్కన పెట్టి, ఎవరిది ఎంత జోరుగ తగ్గుతున్నదో చూసిన్రు. కొందరికి ఒక్క ఏడాది గడిస్తే ఒళ్లు దాదాపు మూడేండ్లు అరుగుతున్నది. కొందరికి అసలు కదలనే లేదు. జోరుగ అరిగేటోళ్లకు పిడికిలి బలం తక్కువున్నది, ఒంటి కాలి మీద నిలబడుడు కష్టమైంది, తెలివి పరీక్షలల్ల గూడ చిన్నప్పటికంటే ఎనకబడ్డరు. వాళ్ల వయసు తెల్వని కాలేజీ పిల్లలకు ఫొటోలు చూపిస్తే, ఈళ్లు పెద్దోళ్ల లెక్క కనిపిస్తున్నరని వాళ్లే చెప్పిన్రు. 

నాకైతే ఇండ్ల ముఖ్యమైన ముచ్చట ఆ 61 కాదు. ముసలితనం అరవైల మొదలైతదని మనం అనుకుంటం. షుగర్ చూపించుకునుడు, బీపీ చూపించుకునుడు అన్నీ అప్పటికే వాయిదా ఏస్తం. ఈ తేడా ముప్పైలల్లనే కనిపిస్తదని, అప్పటికింక రోగమేదీ బయటపడదని ఆ ఊరి లెక్క చెప్పింది.

డీఎన్ఏ మీది గడియారం

ఇప్పుడు ఉమ్మి తీస్కొని వయసు చెప్తమంటున్న కంపెనీలు వాడేది ఇంకో తొవ్వ. మన ఒంట్ల దాదాపు ప్రతి కణంల డీఎన్ఏ అనే పొడుగాటి దారం ఉంటది. కంటిల ఉన్నా, కాలేయంల ఉన్నా దాని మీద రాసున్నది ఒక్కటే. మరి కన్ను కన్ను పని, కాలేయం కాలేయం పని ఎట్ల చేస్తున్నయ్? చెరువు తూములను యాది చేస్కోండ్రి. నీళ్లు అవే, ఏ తూము ఎత్తితే ఆ కాలువ పారుతది. డీఎన్ఏ మీద గూడ కొన్ని జాగల్ల మిథైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటది. జన్యువు మొదట్ల అది అతుక్కున్నదంటే చానామట్టుకు ఆ తూము మూసినట్టే. వయసు పెరిగినకొద్ది కొన్ని జాగల్ల ఈ ముక్కలు ఊడుతయ్, కొన్ని జాగల్ల కొత్తగ చేరుతయ్. ఏ జాగల ఊడుతయ్, ఏ జాగల చేరుతయ్ అన్నది మనుషులందరికీ చానావరకు ఒక్క తీరే ఉంటది.

లాస్ ఏంజిలిస్‌ల ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీల పనిచేసిన స్టీవ్ హోర్వాత్ 2013ల దీన్ని గడియారం లెక్క మలిచిండు. 51 రకాల కణజాలాలు, కణాల నుంచి వచ్చిన దాదాపు 8 వేల శాంపిళ్ల డేటా జమచేసి, డీఎన్ఏ మీద 353 జాగలు ఏరిండు. ఆ 353 జాగలను చూస్తే చాలు, నెత్తురైనా మెదడైనా అది ఎన్నేండ్ల మనిషిదో చెప్పొచ్చు. సగం శాంపిళ్లల్ల తప్పు 3.6 ఏండ్లకు మించలే. ఒక్క మనిషి ఒంట్లనే అన్నీ ఒక్క తీరు అరగవని గూడ దీనితోటే తెలిసింది. నూరేండ్లు దాటినోళ్లల్ల చూస్తే చిన్నమెదడు మిగిలిన భాగాలకంటే మస్తు పడుసుగ ఉన్నది.

ఇక్కడనే ఓ తిరకాసు ఉన్నది. గడియారం పుట్టిన తేదీని ఎంత కచ్చితంగ చెప్తే అంత గొప్పదనుకుంటం కదా! కానీ పుట్టిన తేదీ చెప్పేందుకు మనకు డీఎన్ఏ ఎందుకు? సరిగ్గ రాస్తే ఆధార్ కార్డే చెప్తది. మనకు కావాల్సింది ఈ మనిషి తన ఈడోళ్ల కంటే ముందు మంచాన పడతడా, లేదా అన్నది. అందుకే ఆ తర్వాతొచ్చిన గడియారాలు పుట్టిన తేదీని ఇడిసిపెట్టి, ఎవరు ముందు చనిపోయిన్రు, ఎవరికి రోగాలొచ్చినయ్ అన్నదాన్ని ముందటేసుకొని తయారైనయ్. మోర్గాన్ లెవిన్, ఆమె తోటి పరిశోధకులు 2018ల ఫీనోఏజ్ అని ఒకటి తెచ్చిన్రు. మరుసటి ఏడు హోర్వాత్ బృందం గ్రిమ్‌ఏజ్ అని తెచ్చింది. పాశ్చాత్యుల కథలల్ల కొడవలి పట్టుకొని ప్రాణాలు కోస్కపోయేటాయన ఉంటడు, ఆయన పేరు మీదనే పెట్టిన్రు. మన భాషల చెప్పాలంటే యముడి లెక్క అన్నట్టు. డునెడినోళ్లు 2022ల ఇంకొకటి తెచ్చిన్రు. బండి ఇప్పటిదాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పేది కాదది, ఇప్పుడు ఎంత స్పీడుల పోతున్నదో చెప్పే ముల్లు.

గ్రిమ్‌ఏజ్ లోపల ఏమున్నదో చూస్తే నవ్వొస్తది. అండ్ల ఒక భాగం ఏంటిదంటే, డీఎన్ఏ మీది ఆనవాళ్లను బట్టి ఈ మనిషి ఎన్ని సిగరెట్లు తాగి ఉంటడో అంచనా కట్టుడే. ఆ ముచ్చట అడిగితే ఇంట్ల ఆడోళ్లే చెప్తరు, పైసా తీస్కోరు.

తొమ్మిది నెత్తురు పరీక్షలు

ఫీనోఏజ్ ముచ్చట జర తీరుబడిగ చూడాలె. ఎందుకంటే దానికి మూలమైన లెక్కకు డీఎన్ఏ పరీక్ష అక్కెర్లేదు. అమెరికా సర్కారు సర్వేల వేల మంది నెత్తురు రిపోర్టులు, తర్వాత వాళ్లల్ల ఎవరు చనిపోయిన్రన్న లెక్కలు పక్కపక్కన పెట్టి తొమ్మిది పరీక్షలు ఏరిన్రు. ఆల్బుమిన్, క్రియాటినిన్, షుగర్, సీఆర్‌పీ, తెల్ల కణాల సంఖ్య, అండ్ల లింఫోసైట్ల శాతం, ఎర్ర కణాల సైజు, ఆ సైజుల ఎంత హెచ్చుతగ్గులున్నయ్ అన్నది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. దానికి మీ కాయితం వయసు కలిపితే లెక్క అయిపోయింది. ఈ తొమ్మిదిట్ల ఎక్కువ భాగం మామూలు నెత్తురు పరీక్షలల్లనే వస్తయ్. సీబీపీ రిపోర్టు ఇంట్ల ఉంటే తీసి చూడుండ్రి, నాలుగు అండ్లనే ఉంటయ్.

మనోళ్ల నెత్తురును ఈ లెక్కల పెడితే ఏమైతదో ఆలోచించుండ్రి. ఎర్ర కణాల సైజుల హెచ్చుతగ్గులు ఎక్కువుంటే వయసు ఎక్కువ చూపిస్తది. ఆ హెచ్చుతగ్గులు ఎందుకొస్తయ్? ఐరన్ తక్కువైనా వస్తయ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల నెత్తురు తక్కువున్నోళ్లు తెలంగాణల 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌ల 58.8 శాతం. అంటే సగం మందికి పైనే. ఇరవై ఐదేండ్ల పిల్ల ఈ పరీక్ష చేయించుకుంటే నీ ఒళ్లు ముసలిదైందని రిపోర్టు రావొచ్చు. నిజానికి ఆమెకు వచ్చింది ముసలితనం కాదు. కావాల్సింది ఐరన్ గోలీలు, కడుపు నిండ కూడు. కొన్ని నెలలు గోలీలు మింగితే ఆ నంబర్ తగ్గుతది. అప్పుడు ఆమె వయసు తగ్గిందని అందామా, రోగం నయమైందని అందామా?

సీఆర్‌పీ ముచ్చట గూడ అంతే. ఒంట్ల ఏ మూలనన్న వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే అది పెరుగుతది. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగ పెరిగి ఉంటే గుండెకు మంచిది కాదన్నది నిజమే. కానీ పోయిన వారం జరమొచ్చినా, పండ్ల చిగురు వాచినా పెరుగుతది. రిపోర్టుల ఉన్న 47 అనే అంకె ఈ తేడా చెప్పదు. ఒక్క నంబర్‌ల అన్నీ కలిపేసుడుతోటి వచ్చిన తిప్పలిది. డాక్టర్‌కు కావాల్సింది ఏది పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నది. కంపెనీ అమ్మేది ఆ రెండూ తీసేసిన మొత్తం.

నంబర్ ఎంత నమ్మొచ్చు?

వేల మంది గుంపు మీద చూస్తే ఈ గడియారాలు నిజమే చెప్తున్నయ్. ఎక్కువ ఒంటి వయసు ఉన్న గుంపుల గుండెజబ్బులు, షుగర్, మతిమరుపు, చావులు ఎక్కువ. దాంట్ల వాదన లేదు. తకరారు అంత ఒక్క మనిషికి చెప్పేకాడనే వస్తది.

ఒకే నెత్తురు శాంపిల్‌ను రెండుసార్లు పరీక్ష చేస్తే ఎట్లుంటదని కొందరు పరిశోధకులు చూసిన్రు. బాగా పేరున్న ఆరు గడియారాలల్ల ఒక్క శాంపిల్‌కే రెండు రిపోర్టుల నడుమ 9 ఏండ్ల దాక తేడా వచ్చిన సందర్భాలున్నయని 2022ల బయటపెట్టిన్రు. ఆ తేడా తగ్గించే లెక్క గూడ వాళ్లే కనిపెట్టిన్రు, అది వేరే ముచ్చట. కానీ మీరు పైసలు కట్టిన కంపెనీ ఏ లెక్క వాడుతున్నదో మీకెట్ల తెలుస్తది? పోయిన ఏడు 52, ఈ ఏడు 47 అని వస్తే, వాళ్లమ్మిన గోలీలు పనిచేసినయని సంబురపడతం. అది మెషిన్ తేడా అయి ఉండొచ్చు.

ఒళ్లు గూడ ఒక్క తీరుగ ఉండదు. పెద్ద ఆపరేషన్ అయితే, గర్భంతోటి ఉంటే, కరోనా గట్టిగ పట్టుకుంటే ఒంటి వయసు కొన్నాళ్లు పెరిగి, కోలుకున్నంక మళ్ల దిగొస్తదని 2023ల తేలింది. ఇది మంచి వార్తనే. అరిగింది కొంత తిరిగొస్తదన్నట్టు. కానీ ఏ నాడు నెత్తురిచ్చినమన్నదాని మీద వయసు మారుతదని గూడ దానర్థం.

ఇంకొకటి. ఈ గడియారాలు చానామట్టుకు అమెరికా, యూరప్, న్యూజిలాండ్ మనుషులను చూసి తయారైనయ్. మన ఒళ్లు వేరే తీరు. పుణెల డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ల డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ దోస్తులు. ఇద్దరి ఎత్తు-బరువు లెక్క, అదే బీఎంఐ, అచ్చం 22.3. ఒంట్ల కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పక్కపక్కన నిలబడి దిగిన ఫొటోతోటి 2004ల లాన్సెట్‌ల ఏస్కున్నరు. సన్నగ కనపడుకుంటనే లోపల కొవ్వు పెట్టుకునుడు మన ఒంటి గుణం. అసువంటప్పుడు వాళ్ల ఒంటి మీద దిద్దిన గడియారం మనకు కచ్చితమైన టైమ్ చెప్తదని ఎట్ల నమ్మాలె?

వయసును ఎనకకు తిప్పినమని చెప్పేటోళ్ల ముచ్చట గూడ జర ఇనాలె. 2019ల అమెరికాల తొమ్మిది మంది మగోళ్లకు ఏడాది పాటు గ్రోత్ హార్మోన్, ఇంకో రెండు మందులు ఇచ్చి వయసు తగ్గిందన్నరు. తొమ్మిది మందే, పోల్చి చూసెటందుకు మందులియ్యని గుంపు లేదు. గంత దానికే పత్రికల నిండ రాసిన్రు. అదే గట్టిగ చేసిన ప్రయోగం చూడుండ్రి. అమెరికాలనే 220 మందిని తీస్కొని, కొందరిని రెండేండ్లు తిండి తగ్గించమన్నరు. పావు వంతు కేలరీలు తగ్గియ్యమంటే వాళ్లతోటి అయింది 12 శాతం. డునెడిన్ లెక్క ప్రకారం వాళ్ల ఒళ్లు అరిగే జోరు 2, 3 శాతం తగ్గింది. ఫీనోఏజ్, గ్రిమ్‌ఏజ్ చూస్తే మాత్రం తేడా ఏం రాలే. రెండేండ్లు కడుపు మాడ్చుకుంటే వచ్చింది ఇది. నెలకింత అని డబ్బా గోలీలు మింగితే పదేండ్లు తగ్గుతవన్నోళ్లను ఈ లెక్క పక్కన పెట్టి చూడాలె.

పైసలు పెట్టకుండ చూస్కునేటివి

ఒంటి వయసు చెప్పే ఆనవాళ్లల్ల బాగా పరీక్షకు నిలబడ్డయి కొన్ని మస్తు సస్తవి. పిడికిలి బలం తీస్కోండ్రి. మన దేశం సహా 17 దేశాలల్ల దాదాపు లక్షా 40 వేల మందికి పిడికిలి బలం కొలిచి కొన్నేండ్లు చూసిన్రు. 2015ల లాన్సెట్‌ల వచ్చింది. బలం ప్రతి 5 కిలోలు తగ్గినకొద్ది చావు ముప్పు 16 శాతం ఎక్కువున్నది. ఆ లెక్కల పై బీపీ కంటే పిడికిలే చావును బాగ పసిగట్టింది. ఆసియా దేశాల నిపుణులు పెట్టుకున్న హద్దు మగోళ్లకు 28 కిలోలు, ఆడోళ్లకు 18 కిలోలు. మెషిన్ లేదంటే ఇంకోటున్నది. చేతులు కట్టుకొని కుర్సీల నుంచి ఐదుసార్లు లేసి కూసోవాలె. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పట్టిందంటే కండ బలం తగ్గినట్టు లెక్క.

బ్రెజిల్‌ల అయితే కింద కూసోని లేసుడునే పరీక్ష చేసిన్రు. 51 నుంచి 80 ఏండ్ల మధ్యల ఉన్న 2,002 మందిని చెయ్యి ఊతం, మోకాలి ఊతం లేకుండ నేల మీద కూసోని లేవమన్నరు. ఎంత ఊతం కావాల్సొస్తే తర్వాతి ఏండ్లల్ల అంత ఎక్కువ మంది చనిపోయిన్రు. కింద కూసోని తినుడు మనం ఇడిసిపెట్టి ఎన్నేండ్లయిందో ఎవరికి వాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నోళ్లు మాత్రం ఈ పరీక్షకు పోవద్దు, పడితే బొక్క ఇరుగుతది.

బీపీ, షుగర్, నడుం కొలత ఎట్లాగో ఉండనే ఉన్నయ్. భారత వైద్య పరిశోధన మండలి 2023ల ఏసిన లెక్క ప్రకారం దేశంల 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉన్నది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద ఉన్నరు. బీపీ 35.5 శాతం మందికి. ఈ రెండూ రక్తనాళాలను, కిడ్నీలను, కండ్లను ఏండ్లకు ముందే ముసలివి చేసేటివే. బస్తీ దవాఖానల్ల, పీహెచ్‌సీల్ల నెత్తురిస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ల్యాబుల్ల పైసలు లేకుండ పరీక్ష చేసిస్తరు. వేల రూపాయల కిట్ కొనే ముందు ఆ కాయితం చేతిల పట్టుకొని డాక్టర్‌తోటి మాట్లాడితే, ఏది పెరిగిందో, ఎందుకు పెరిగిందో చెప్తడు.

ఎవరి ఒళ్లు ముందు అరుగుతున్నది?

కంపెనీల యాడ్‌లల్ల ఎన్నడూ కనపడని ముచ్చట ఒకటున్నది. ఒంటి వయసు ఎవరికి జోరుగ పెరుగుతున్నదని చూస్తే, పొగ తాగేటోళ్లు, లావున్నోళ్లు అన్న జవాబు వస్తది, నిజమే. అది గాక ఇంకోటి వస్తది, పేదరికం. అమెరికాల టెక్సస్ రాష్ట్రంల చిన్నపిల్లల ఉమ్మి తీస్కొని డునెడినోళ్ల తీరుగ లెక్కగడితే, పేదిండ్లల్ల పెరుగుతున్న పిల్లల ఒళ్లు అప్పటికే జోరుగ అరుగుతున్నట్టు తేలింది. ఆ పిల్లలు సిగరెట్ తాగలే, ఆఫీసు టెన్షన్ పడలే. పుట్టిన ఇల్లు అది, గంతే.

మన దగ్గర దీనికి ఎదురు కథ ఉన్నది, ఎక్కువ మందికి తెల్వదు. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాక హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్ల ఒక పని చేసింది. 15 పల్లెల్ల గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అంగన్వాడీ తిండి అందింది. ఇంకో 14 పల్లెల్లకు ఆ స్కీమ్ అప్పటికింక రాలే. చీటి ఏసి పంచిన పల్లెలు కావు, అది గుర్తుంచుకోవాలె. ఆ తిండి ఏందంటే మక్కలు, సోయా కలిపిన పిండితోటి, సోయా నూనె ఏసి చేసిన ఉప్మా. పదిహేనేండ్ల తర్వాత, 2003 నుంచి 2005 నడుమ, ఆ పిల్లల్ల 1,165 మందిని పిలిచి పరీక్షలు చేసిన్రు. అప్పటికి వాళ్లు 13 నుంచి 18 ఏండ్లోళ్లు. రక్తనాళాలు ఎంత బిరుసెక్కినయో చూసిన్రు. వయసు పెరిగినకొద్ది నాళాలు బిరుసెక్కుతయ్ కాబట్టి ఒంటి వయసుకు అదో పెద్ద ఆనవాలు.

ఉప్మా తిన్న పల్లెల పిల్లలకు ఆ బిరుసు తక్కువున్నది. షుగర్ రోగానికి దారి తీసే ఇన్సులిన్ మొండితనం 20 శాతం తక్కువున్నది. ఎత్తు గూడ 14 మిల్లీమీటర్లు ఎక్కువున్నరు. వాళ్లిప్పుడు ముప్పై ఐదేండ్లకు అటూ ఇటూ ఉన్నరు, డునెడినోళ్లకు 61 అని తేలిన ఆ ఈడుకు వచ్చిన్రు. అప్పట్ల అంగన్వాడీల పెట్టింది తల్లికి రోజుకు 500 కేలరీలు, పిల్లకు 300 కేలరీలు.